99% ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రివ్యూ: కూల్‌డ్రింక్ ఒలికిన ల్యాప్‌టాప్‌కి ఇదొక్కటే సరిపోదు

రేటింగ్ ముందే చెప్పేస్తాను, 5కి 4. ఎలక్ట్రానిక్ వస్తువులు శుభ్రం చేయడానికి వాడే ద్రవం ఇది. వస్తువు మంచిది, రాసినంత శుద్ధంగానే ఉంది, అద్దం మీద ఒక చుక్క వేసి ఆరనిస్తే మరక మిగల్లేదు, వాసనలో తేడా లేదు. ఒక స్టార్ తీసేసింది మాత్రం అమ్మకం పేజీలో రాసిన ఒక్క వాక్యానికి. ల్యాప్‌టాప్ లోపల పడిన జ్యూస్, కూల్‌డ్రింక్, కాఫీ అన్నిటినీ ఇది పూర్తిగా తొలగిస్తుందని అక్కడ రాశారు. అది నిజం కాదు. ఆ వాక్యాన్ని నమ్మి ల్యాప్‌టాప్ లోపలి మదర్‌బోర్డు మీద నేరుగా ఇదే పోసేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

విషయం చాలా చిన్నది. చక్కెర ఈ ఆల్కహాల్‌లో దాదాపుగా కరగదు. నీళ్లలో మాత్రం విపరీతంగా కరుగుతుంది, మామూలు గది వేడిలో 100 మిల్లీలీటర్ల నీళ్లలో సుమారు 200 గ్రాముల పంచదార పడుతుంది. నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు చిన్న గాజు గ్లాసులు తీసుకుని ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో ఈ ఆల్కహాల్ పోసి, రెండిట్లోనూ చిటికెడు పంచదార వేసి తిప్పండి. నీళ్లలో చూస్తుండగానే మాయమవుతుంది. ఆల్కహాల్ గ్లాసులో పలుకులు పలుకులుగానే అడుగున తిరుగుతుంటాయి, ఎంతసేపు తిప్పినా, రాత్రంతా వదిలేసినా అలాగే ఉంటాయి. ఇంకో పరీక్ష కూడా చేశాను, ఇది ఇంకా ముఖ్యం. గాజు పలక మీద కోలా చుక్కలు వేసి పూర్తిగా ఆరనిచ్చి, ఒకదాన్ని ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచాను. రంగు పోయింది, పైకి శుభ్రంగా కనిపించింది, కానీ వేలు పెడితే ఇంకా అంటుకుంటోంది, వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూస్తే పలచటి తెల్లటి పొర. పక్కనున్న చుక్కని నీళ్లతో తడిపిన దూదితో తుడిస్తే ఒక్కసారికే పోయింది.

ఈ పైకి శుభ్రంగా కనిపించడమే అసలు ప్రమాదం. మా అక్క ల్యాప్‌టాప్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. కీబోర్డు కుడివైపు, ఎంటర్, బ్యాక్‌స్పేస్ ఉండే చోట కోలా పడింది. తను చేయాల్సింది చేసింది, వెంటనే చార్జర్ పీకేసి, పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపేసి, ల్యాప్‌టాప్‌ని తెరిచి బోర్లించి ఒక రిపేర్ షాపుకి తీసుకెళ్లింది. వాళ్లు విప్పి, హాట్ ఎయిర్ కొట్టి, "లోపలంతా ఆల్కహాల్‌తో క్లీన్ చేశాం మేడమ్, ఏం టెన్షన్ లేదు" అని ఇచ్చేశారు. పని చేసింది కూడా. కొన్ని వారాలకి బ్యాక్‌స్పేస్ నొక్కకుండానే అక్షరాలు చెరిగిపోవడం మొదలైంది, తర్వాత చార్జర్ పెడితే ఒకసారి ఎక్కుతుంది, ఒకసారి ఎక్కదు. మళ్లీ అదే షాపుకి వెళితే మదర్‌బోర్డు పోయింది, మార్చాలి, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోవడమే మేలు అన్నారు. అక్క నాకు ఫోన్ చేసి "ఒరేయ్, ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయిరా, ఇంకోసారి ఆన్ చేసి కాపీ చేసుకోనా?" అంది. "వద్దక్కా, అసలు ముట్టుకోకు, చార్జర్ కూడా పెట్టకు, నేను వస్తున్నా" అన్నాను.

విప్పి చూస్తే బోర్డు మొత్తం మీద దుమ్ము కూడా లేదు, నిజంగానే తుడిచారు. కానీ చార్జింగ్ పోర్టు పక్కన ఒక చిప్ మీద రేకు మూత ఉంటుంది కదా, దాని అంచు వెంట గోధుమ రంగులో మెరిసే సన్నటి గీత ఉంది. పళ్లు కుట్టుకునే పుల్లతో తాకితే తీగలాగా సాగింది. ఆ మూత తీశాక లోపల అసలు కథ కనిపించింది. చిప్ చుట్టూ పాకం గడ్డకట్టి ఉంది, రెండు చిన్న కెపాసిటర్ల మధ్య పచ్చటి తుప్పు, కీబోర్డు రిబ్బన్ దూర్చే కనెక్టర్ పళ్ల మధ్య తెల్లటి పొడి. ఆల్కహాల్ పైపైన రాసి వేడిగాలి కొట్టడం వల్ల నీరు పోయింది, చక్కెర ఉండిపోయింది. అంతేకాదు, ఇంకా తడిగా ఉన్న కూల్‌డ్రింక్ మీద నేరుగా గాఢమైన ఆల్కహాల్ పోస్తే అది నీటిని తనలో కలిపేసుకుని చక్కెరని అక్కడే వదిలేస్తుంది. కడిగినట్టు అనిపిస్తుంది కానీ జిగురుని ఉన్నచోటే గట్టిపరిచినట్టు అవుతుంది.

చక్కెర మిగిలితే ఏమవుతుంది, ఆరిపోయింది కదా అని అడిగేవాళ్లున్నారు. చక్కెరకి స్వతహాగా కరెంటు ప్రవహింపజేసే గుణం లేదు, అది నిజమే. కానీ కూల్‌డ్రింక్‌లో 100 మిల్లీలీటర్లకి 10, 11 గ్రాముల చక్కెరతో పాటు ఆమ్లం ఉంటుంది. కోలాలో ఫాస్ఫారిక్ ఆమ్లం, పీహెచ్ 2.5 దగ్గర (ఈ అంకె 7 కంటే ఎంత తగ్గితే ఆమ్లగుణం అంత ఎక్కువ), జ్యూసుల్లో ఎక్కువగా సిట్రిక్ ఆమ్లం. ఇవి కరెంటుని పోనిస్తాయి. చక్కెర పాకం గాలిలోని తేమని పీల్చుకుని ఈ ఆమ్లాన్ని ఎప్పుడూ కొంచెం తడిగా ఉంచుతుంది, పైగా బోర్డుకి అతుక్కుని ఉంటుంది కాబట్టి ఎక్కడికీ పోదు. దాని మీద వోల్టేజీ ఉంటే రాగి, తగరం లాంటి లోహాలు చిప్ ఒక పిన్ నుంచి కరిగి పక్క పిన్ వైపు కదులుతాయి, అక్కడ సన్నటి కొమ్మల్లా పేరుకుంటూ చివరికి రెండిటినీ కలిపేస్తాయి. షార్ట్ అయ్యేది అప్పుడు. అందుకే చాలా ల్యాప్‌టాప్‌లు ఒలికిన రోజు బాగానే పనిచేసి తర్వాతెప్పుడో పోతాయి, జనం మాత్రం "ఏదో పాతబడి పోయిందిలే" అనుకుంటారు. అక్క ల్యాప్‌టాప్‌లో తుప్పు కూడా చార్జర్ దగ్గరే ఎక్కువ ఉంది, అక్కడ అడాప్టర్ నుంచి 19, 20 వోల్టులు నేరుగా వస్తాయి. ఆపేసిన ల్యాప్‌టాప్‌లో కూడా బ్యాటరీ కనెక్టర్ తీయనంతవరకు కొన్ని లైన్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది, కాబట్టి "ఆఫ్‌లో ఉంది కదా" అని రెండు రోజులు అలా వదిలేయడం కూడా మంచిది కాదు.

ఇక కడగడం. బ్యాటరీ కనెక్టర్ తీసేశాను, ఫైళ్లన్నీ ఉండే ఎస్‌ఎస్‌డీ తీసి పక్కన పెట్టాను (అది విడిగా ఊడొచ్చే రకం కావడం అక్క అదృష్టం, ఇంకో కంప్యూటర్‌కి తగిలించే బయటి డబ్బాలో (ఎన్‌క్లోజర్) పెట్టి ఫొటోలన్నీ ముందే కాపీ చేసేశాం, తర్వాత ప్రశాంతంగా పని చేసుకున్నాను). ఫ్యాన్, స్పీకర్లు, చిప్ వేడిని లాగే హీట్ సింక్, బోర్డు మీదుండే చిన్న బటన్ బ్యాటరీ అన్నీ తీసేసి ఉత్త బోర్డు మాత్రం మిగిల్చాను. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను. అవును, నీళ్లతోనే. పెద్ద బ్యాటరీల్లో పోయడానికి అమ్మే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది. కుళాయి నీళ్లు వద్దు, అందులోని లవణాలు ఆరాక బోర్డు మీద మిగులుతాయి. కరెంటు లేని బోర్డుకి శుభ్రమైన నీళ్ల వల్ల వెంటనే నష్టం ఏమీ లేదు, కరెంటు ఉన్నప్పుడు తగిలితేనూ, ఆరకుండా ఎక్కువసేపు నిలిచిపోతేనూ ప్రమాదం. మెత్తటి టూత్ బ్రష్‌తో గోధుమ గీత మీద కాసేపు నాననిచ్చి రుద్దితే కింద పళ్లెంలోకి టీ రంగు నీళ్లు దిగాయి. నీళ్లు మార్చి మళ్లీ, మళ్లీ. రంగు దిగడం ఆగాక కూడా ఇంకోసారి కడిగాను, ఎందుకంటే చక్కెరకి రంగు ఉండదు, నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన అది పోయినట్టు కాదు. కనెక్టర్ పళ్ల దగ్గర వేలితో తాకి జిగురు ఉందో లేదో చూసుకోవాలి.

ఇక్కడి నుంచి ఈ బాటిల్ పని మొదలవుతుంది, ఈ పనిలో దీనికి సాటి లేదు. బోర్డు మీద మిగిలిన నీటిని ఇది తనలో కలిపేసుకుని బయటికి తెస్తుంది. చిప్‌ల కింద, కనెక్టర్ల లోపల, గాలి తగలని ప్రతి సందులోకీ దూరుతుంది, ఆ తర్వాత తనంతట తాను ఆవిరైపోతుంది. మరిగే వేడి 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కాబట్టి నీటి కంటే చాలా తొందరగా ఆరుతుంది. నేను బోర్డుని ఏటవాలుగా పట్టుకుని పైనుంచి ధారగా పోస్తూ బ్రష్‌తో కిందికి తోశాను. ఒకసారి పోసి ఆపకండి, మొదట పోసింది నీళ్లు కలిసి పలచబడుతుంది, రెండోసారి పోసేదే అసలు నీటిని వదిలిస్తుంది. తుప్పు పట్టిన చోట పచ్చదనం కూడా బ్రష్‌కి చాలావరకు వచ్చేసింది, హీట్ సింక్ కింద చిప్ వేడి దానికి అందేలా రాసే పాత థర్మల్ పేస్ట్‌ని ఇది ఒక్క తుడుపుకి తీసేసింది. జిడ్డు, సోల్డరింగ్ ఫ్లక్స్, స్టిక్కర్ జిగురు, ఇలాంటివాటికి దీన్ని కళ్లు మూసుకుని వాడొచ్చు. పాలు కలిపిన కాఫీ పడితే అందులో కొవ్వు కూడా ఉంటుంది కాబట్టి దానికి కొంత సాయపడుతుంది, కానీ అక్కడ కూడా నీళ్లే ముందు. చక్కెర లేని డైట్ డ్రింకుల్లో జిగురు తక్కువ, ఆమ్లం మాత్రం ఉంటుంది, వాటిని కూడా ఆరిపోయాయిలే అని వదిలేయకూడదు.

70% దొరుకుతుంది కదా, అది తక్కువ ధరకే వస్తుంది కదా అంటే, అది సూక్ష్మక్రిములని చంపడానికి బాగుంటుంది, బోర్డుని ఆరబెట్టడానికి కాదు. అందులో 30 శాతం నీళ్లే. నిజానికి పైన కీల మీద, కేస్ మీద ఉన్న జిగటని తుడవడానికి 70% రకమే కొంచెం నయం, ఆ నీళ్ల వల్లే. కానీ చివరి కడుగుడుకి 99% తప్ప వేరేది వద్దు. ఈ బాటిల్ మూత గట్టిగా పెట్టకపోతే గాలిలోని తేమని పీల్చుకుని ఇది కూడా మెల్లగా పలచబడుతుంది.

కీబోర్డు విషయంలో మాత్రం ఆశలు పెట్టుకోకండి. చాలా ల్యాప్‌టాప్ కీబోర్డుల్లో కీల కింద పలచటి ప్లాస్టిక్ పొరలు ఒకదాని మీద ఒకటి అతికించి ఉంటాయి, వాటి మీదే సన్నటి లైన్లు ముద్రించి ఉంటాయి. ఆ పొరల మధ్యకి పాకం వెళితే ఇక బ్రష్ చేరదు, నీళ్లు లోపలికి వెళ్లినా బయటికి రావు. అక్క కీబోర్డుని విడిగా తీసి నీళ్లతోనూ ఆల్కహాల్‌తోనూ కడిగి బాగా ఆరబెట్టాను, ఎంటర్ బాగుపడింది, బ్యాక్‌స్పేస్ బాగుపడలేదు. చివరికి కొత్త కీబోర్డే వేశాం. కొన్ని మోడల్స్‌లో అది స్క్రూలతో వస్తుంది, కొన్నిట్లో పై కేస్‌కే రివెట్లు కొట్టి ఉంటుంది, అప్పుడు కేస్ మొత్తం మార్చాల్సి వస్తుంది. థింక్‌ప్యాడ్ లాంటివాటిలో కీబోర్డు కింద ద్రవం బయటికి పోయే రంధ్రాలు ఉంటాయి, చాలా మంచి ఏర్పాటు అది, నీళ్లు పడితే నిజంగా కాపాడుతుంది. తీపి పానీయం పడితే బోర్డు బతకొచ్చు గానీ కీల కింద జిగురు ఉండిపోతుంది.

బియ్యం గురించి కూడా రాయాలి, ఎందుకంటే ఈ బాటిల్ కింద రివ్యూల్లో చాలామంది "ముందు బియ్యంలో పెట్టాం, పని చేయకపోతే ఇది కొన్నాం" అని రాశారు. బియ్యం ల్యాప్‌టాప్ లోపలి నీటిని లాగదు, ఉత్తగా గాలి తగిలేలా వదిలేసినదానికంటే మేలేమీ జరగదు, పైగా పిండి రజను లోపలికి పోతుంది. 2024లో ఆపిల్ కూడా తడిసిన ఐఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దని తన సపోర్ట్ పేజీలో రాసింది. నీళ్ల సంగతే అలా ఉంటే చక్కెరని బియ్యం ఏం చేస్తుంది. హెయిర్ డ్రయర్ ఇంకా అన్యాయం, ద్రవాన్ని లోపలికి తోస్తుంది, పాకాన్ని చిక్కబరుస్తుంది, కీలు వంకరపోతాయి. బియ్యంలో పెట్టి వృథా చేసిన ఆ కొన్ని రోజుల్లో తుప్పు తన పని తాను చేసుకుపోతుంది, అది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం, ఎందుకంటే మొదటి రోజే కడిగితే చాలా బోర్డులు బతుకుతాయి.

జాగ్రత్తలు. ఇది తేలిగ్గా అంటుకుంటుంది, 12 డిగ్రీల దగ్గరే నిప్పు అందుకునేంత ఆవిరి వస్తుంది, అంటే మామూలు గదిలో ఎప్పుడూ ప్రమాదమే. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ దూరంగా ఉన్న పొయ్యి దాకా పోగలదు. కిటికీలు తెరిచి పెట్టి, వంటింటికి దూరంగా, చేతులకి గ్లవ్స్ వేసుకుని చేయండి. బోర్డులో ఎక్కడా తడి లేదని తేలేదాకా బ్యాటరీ తగిలించొద్దు. డిస్‌ప్లే మీద, దాని అంచుల్లో పోయకండి, పొరల మధ్యకి వెళితే మచ్చలు శాశ్వతం. కొన్ని రకాల పారదర్శక ప్లాస్టిక్‌లు దీనికి పగుళ్లిస్తాయి. కొంతమంది అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో (చెవికి వినిపించని శబ్ద తరంగాలతో మురికి వదిలించే టబ్బు) దీన్నే నింపి వేడి పెడతారు, దయచేసి ఆ పని చేయకండి, ఆ టబ్బుల్లో నీటితో వాడే క్లీనింగ్ ద్రవమే పోయాలి. నిజం చెప్పాలంటే చిప్‌ల కింద పాకం చేరిన బోర్డుకి ఆ అల్ట్రాసోనిక్ కడుగుడే అన్నిటికంటే మంచిది, సాధారణంగా 40 కిలోహెర్ట్జ్‌లో నడిచే ఆ యంత్రం బ్రష్ చేరని చోట కూడా మురికిని కదుపుతుంది. అలాంటి సర్వీస్ ఇచ్చే చోటు మీకు అందుబాటులో ఉంటే ఈ బాటిల్ కొనకుండా నేరుగా అక్కడికే వెళ్లండి. వెళ్లినప్పుడు ఒకటే అడగండి, రేకు మూతలు తీసి కడుగుతారా, నీటితో కడుగుతారా అని. "ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెడతాం" అంటే ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చేయండి.

ఇంకో రకం వాళ్లకి కూడా ఇది కొనమని చెప్పను. స్టోరేజీ ఊడిరాకుండా బోర్డుకే సోల్డర్ చేసి ఉన్న ల్యాప్‌టాప్‌లో బ్యాకప్ లేని ముఖ్యమైన ఫైళ్లుంటే మీరు చేయి పెట్టొద్దు. 2018 నుంచి వచ్చిన, టీ2 అనే ఆపిల్ భద్రతా చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లలో, ఆ తర్వాత ఆపిల్ సొంత చిప్‌లతో వచ్చినవాటిలో డేటా రహస్య సంకేతంలోకి మారి (ఎన్‌క్రిప్ట్ అయి) ఆ బోర్డుతోనే ముడిపడి ఉంటుంది, బోర్డు బతికితేనే ఫైళ్లు వస్తాయి. విండోస్ వాళ్లు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూసిపెట్టుకోండి, బోర్డు మారిస్తే అడుగుతుంది. మామూలు వారంటీ ద్రవం పడిన నష్టానికి వర్తించదు, ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి విడిగా కవర్ తీసుకుని ఉంటే మాత్రం ముందు కంపెనీకే ఇవ్వండి, విప్పకండి. తడి తగిలితే రంగు మారే చిన్న తెల్లటి స్టిక్కర్లు చాలా ల్యాప్‌టాప్‌ల లోపల ఉంటాయి, ఏమీ పడలేదని చెప్పి ప్రయోజనం లేదు.

అక్క ల్యాప్‌టాప్ ఇప్పుడు బాగానే చార్జ్ అవుతోంది. ఈ మధ్య ఫ్యాన్ దుమ్ము దులపడానికి విప్పినప్పుడు ఆ రేకు మూత మళ్లీ తీసి చూశాను, కెపాసిటర్ల దగ్గర కొత్త పచ్చదనం ఏమీ లేదు, అది చూశాకే నేను ఈ రివ్యూ రాయడానికి కూర్చున్నాను.

ప్యాకింగ్ గురించి రెండు మాటలు. నాకొచ్చిన బాటిల్ సీలు బాగుంది, కారలేదు. దీంతో వచ్చే స్ప్రే మూత ఈ పనికి పనికిరాదు, గాలిలోకి తుంపర్లు పోయి సగం వృథా అవుతుంది, ఆవిరి ముక్కుకి తగులుతుంది. సన్నటి ముక్కు ఉన్న పిండే సీసా విడిగా తీసుకుని అందులో పోసుకోండి. ఒక్క బోర్డుకి అర లీటరు చాలు, పెద్ద డబ్బా కొంటే మూత తీసిపెట్టిన ప్రతిసారీ తేమ చేరుతుంది. దాంతో పాటు డిస్టిల్డ్ వాటర్ కూడా అదే ఆర్డర్‌లో పెట్టుకోండి, అది ఒక లీటరు పైనే పడుతుంది.